చివరి అడుగు అమ్మాయిదే కావాలి: సెలవుల్లో ఇంట్లో నేర్పవలసిన పనులు

 

వేసవి సెలవులు దగ్గరపడేకొద్దీ ఆఫీసు గదికి వచ్చే తల్లులు తరచూ ఒకే ప్రశ్న అడుగుతారు. “సార్, ఇన్ని దినాలు పాప ఇంట్లోనే ఉంటుంది. పనికొచ్చేది ఏదైనా నేర్పించాల. కుట్టుమిషను క్లాసుకు పంపేదా, కంప్యూటరు క్లాసుకు పంపేదా?” ఒక్కొక్కరికి విడిగా చెప్పడం కంటే అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. డబ్బు కట్టి క్లాసులకు పంపగలిగినవాళ్లు పంపండి, మంచిదే. కానీ నేను చెప్పబోయే పనులకు క్లాసు అక్కరలేదు. ఇల్లు చాలు, ఇంట్లో పెద్దవాళ్లు కొంచెం ఓపిక పడితే చాలు.

ముందుగా ఒక సంగతి ఆలోచించండి. మన ఆడపిల్లలకు పని రాదని ఎవరూ అనలేరు. బడికి రాకముందే వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి, ముగ్గు వేస్తారు. తమ్ముడికి తల దువ్వి, క్యారియర్ సర్ది తీసుకొస్తారు. అంత పని వచ్చినా, చాలా ఇళ్లలో ఏం జరుగుతుందో చూడండి. అన్నం వండేది అమ్మాయి, గ్యాసు సిలిండరు మార్చేది అన్న. సైకిలు తొక్కేది అమ్మాయి, పంచరైతే షాపుకు తోసుకుపోయేది నాయన. పండగకు వచ్చిన డబ్బు దాచేది అమ్మాయి, దాన్ని బ్యాంకులో వేసేది మామ. పని అంతా అమ్మాయి చేస్తుంది, చివరి అడుగు మాత్రం ఇంకొకరు వేస్తారు.

ఇది చిన్న సంగతి కాదు. పదో తరగతో, పన్నెండో తరగతో ముగిశాక పై చదువుకు హోసూరు దాటి కృష్ణగిరికో, ధర్మపురికో, బెంగుళూరుకో పోవలసి వస్తుంది. అప్పుడు ఇంట్లో వచ్చే మొదటి మాట మార్కుల గురించి కాదు. “ఒక్కతే ఎట్లా ఉంటుంది?” అనేదే ఆ మాట. ఆ మాట దగ్గరే చాలామంది చదువు ఆగిపోతుంది. చదువు ఆగిన ఇంట్లో తర్వాత వచ్చేది పెళ్లి మాట. 18 ఏళ్లు నిండని అమ్మాయికి పెళ్లి చేయడం నేరమని 2006 నాటి చట్టం చెబుతోంది. ఈ చట్టం సంగతి అందరికీ తెలుసు. తెలిసినా, భయం ఉన్న ఇంట్లో చట్టం ఒక్కటే సరిపోదు. “ఒక్కతే ఎట్లా ఉంటుంది” అన్నదానికి వాదించి జవాబు చెప్పలేం. అమ్మాయి నాలుగు పనులు మొదటి నుంచి చివరి దాకా తానే చేసి చూపిస్తే, ఆ ప్రశ్న అడిగేవాళ్లే తగ్గిపోతారు.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి పేరు పిల్లలు విని ఉంటారు. 1923లో కాకినాడలో కాంగ్రెసు సభలు జరిగినప్పుడు ఆమెకు 14 ఏళ్లు. అక్కడి ఖాదీ ప్రదర్శన గేటు దగ్గర టికెట్లు చూసే పని ఆమెది. నెహ్రూ గారు టికెట్ లేకుండా వస్తే ఆపేశారు. టికెట్ కొన్నాకే లోపలికి పంపారు. ఆ పని ఆమెకు అప్పగించినవాళ్లు నిర్ణయాన్ని కూడా ఆమెకే అప్పగించారు, అది ముఖ్యం. అదే దుర్గాబాయి 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించి ఎందరో స్త్రీలకు చదువూ చేతిపనీ నేర్పే చోటు చేశారు. మనమున్న ఈ తమిళనాడులోనే జరిగిన సంగతి ఇది.

నేర్పే పద్ధతి

ఏ పనికైనా నాలుగు మెట్లు పెట్టుకోండి. మొదటిది, మీరు చేస్తూ ఉంటే అమ్మాయి చూడాలి. రెండోది, ఇద్దరూ కలిసి చేయాలి. మూడోది, అమ్మాయి చేస్తుంటే మీరు పక్కన నిలబడి, ప్రమాదం అయితే తప్ప నోరు మెదపకూడదు. నాలుగోది, మీరు పక్క గదిలో ఉండాలి. అమ్మాయి మొత్తం ముగించి వచ్చి “అయింది” అని చెప్పాలి. మన ఇళ్లలో పని రెండో మెట్టు దగ్గర ఆగిపోతుంది. “ఇట్లా ఇయ్యి, నీకు ఆలస్యమవుతుంది” అని చేతిలోంచి లాక్కుంటాం. ఈ సెలవుల్లో ఆ ఒక్క మాట మానుకోండి. ఆలస్యమైతే కానివ్వండి.

1. సైకిలు, పంచరు

1990ల మొదట్లో పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం జరిగినప్పుడు, చదువుతో పాటు సైకిలు తొక్కడం కూడా నేర్పారు. వేలాది మంది ఆడవాళ్లు, పొలాల్లో, రాతి క్వారీల్లో కూలి చేసుకునేవాళ్లు కూడా, సైకిలు నేర్చుకున్నారు. ఎవరో వచ్చి బస్సు దాకా దింపుతారని కాచుకునే అవసరం తప్పింది. ఇప్పుడు ప్రభుత్వ బడుల్లో, ఎయిడెడ్ బడుల్లో 11వ తరగతి పిల్లలకు ప్రభుత్వమే సైకిలు ఇస్తోంది. తొక్కడం అందరికీ వచ్చు. బాగుచేయడం ఎందరికి వచ్చు?

పంచరు వేయడానికి కావలసినవి: గాలి పంపు, రబ్బరు ముక్కలు, సొల్యూషన్ ట్యూబు, ఉప్పు కాగితం, టైరు లేపడానికి రెండు మొద్దు స్పూన్లు, ఒక బేసిన్‌లో నీళ్లు. ముందు గాలి పూర్తిగా తీసేసి, వాల్వు నట్టు విప్పండి. స్పూన్ కాడతో టైరు ఒక అంచును రిమ్ము మీదికి లేపి ట్యూబు బయటికి లాగండి. చక్రం విప్పనక్కరలేదు. ట్యూబులో కొంచెం గాలి కొట్టి నీళ్లలో ముంచి తిప్పితే బుడగలు వచ్చే చోటే రంధ్రం. పెన్నుతో గుర్తు పెట్టి, తుడిచి, బాగా ఆరనివ్వండి. ఆ చోట ఉప్పు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పలుచగా పూసి, కొన్ని నిమిషాలు ఆగండి. తడిగా ఉన్నప్పుడే ముక్క అంటిస్తే నిలబడదు. వేలికి అంటుకోనంత ఆరాక ముక్క పెట్టి గట్టిగా అదమండి.

అందరూ మరిచిపోయే పని ఒకటుంది. ట్యూబు లోపల పెట్టే ముందు టైరు లోపలి వైపు వేళ్లతో మెల్లగా తడిమి చూడాలి. ముల్లో, గాజు పెంకో అక్కడే ఉండిపోతే పది నిమిషాల్లో మళ్లీ పంచరవుతుంది. ఇది ఒకసారి చేసిన అమ్మాయి సాయంత్రం ట్యూషన్ నుంచి వచ్చేటప్పుడు దారిలో బెదిరిపోదు.

2. వంటింట్లో సిలిండరు, కాలిన గాయం

సిలిండరు ఇంటికి వచ్చినప్పుడు మూడు చూడమనండి. ఒకటి, సీలు సరిగా ఉందా. రెండు, బరువు. సిలిండరు మీద ఖాళీ బరువు రాసి ఉంటుంది, దానికి 14.2 కిలోలు కలిపితే రావలసిన మొత్తం బరువు. తెచ్చినవాళ్ల దగ్గర కాటా ఉంటుంది, తూచమని అడగడం మన హక్కు. మూడు, పై పట్టీ లోపలి వైపు ఒక ఇంగ్లీషు అక్షరం, పక్కన అంకె ఉంటాయి. ఎ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే ఏప్రిల్ నుంచి జూన్, సి అంటే జూలై నుంచి సెప్టెంబరు, డి అంటే అక్టోబరు నుంచి డిసెంబరు. డి–27 అని ఉంటే 2027 డిసెంబరు లోపల ఆ సిలిండరును మళ్లీ పరీక్ష చేయాలని అర్థం. ఆ గడువు దాటినది తీసుకోకూడదు.

మార్చేటప్పుడు స్టవ్ నాబులన్నీ ఆపి, రెగ్యులేటర్ ఆపి, ఇంట్లో దీపం, అగరుబత్తి ఆర్పాలి. కొత్తదాని మూత తీసి, లోపల రబ్బరు రింగు ఉందో లేదో చూసి, రెగ్యులేటర్‌ను నేరుగా నొక్కి బిగించాలి. తర్వాత సబ్బు నురగ పూసి చూడాలి. బుడగలు లేస్తే లీకు ఉన్నట్టు. అగ్గిపుల్ల గీసి చూసే అలవాటు కొన్ని ఇళ్లలో ఇంకా ఉంది, దాన్ని ఈరోజే ఆపండి. గ్యాసు పైపును 5 ఏళ్లకొకసారి మార్చాలి. పైపు మీద తేదీ ఉంటుంది, అమ్మాయినే చదివి చెప్పమనండి.

గ్యాసు వాసన వస్తే ఏం చేయాలి? వంటగ్యాసు గాలి కంటే బరువు, నేలబారున నిలుస్తుంది. రెగ్యులేటర్ ఆపాలి, తలుపులు కిటికీలు తెరవాలి. కరెంటు స్విచ్ వేయకూడదు, వేసి ఉన్నది ఆపకూడదు. రెండింటిలోనూ నిప్పురవ్వ పుడుతుంది. అందరూ బయటికి వచ్చి, బయటి నుంచి 1906 నంబరుకు ఫోను చేయాలి.

చెయ్యి కాలితే వెంటనే కొళాయి కింద పెట్టి 20 నిమిషాలు మామూలు చల్లని నీళ్లు పారనివ్వాలి. గడియారం చూసి 20 నిమిషాలు, రెండు నిమిషాలు కాదు. వాపు రాకముందే గాజులు, ఉంగరం తీసేయాలి. టూత్‌పేస్టు, ఇంకు, నూనె, ఐసు ఏవీ పెట్టకూడదు. బొబ్బ చిదమకూడదు. చర్మానికి అంటుకున్న బట్ట లాగకూడదు. శుభ్రమైన బట్ట వదులుగా కప్పి ఆసుపత్రికి తీసుకుపోవాలి. కాలినది పెద్దదైతే, ముఖం మీదైతే 108కి ఫోను చేయాలి. బట్టలకు నిప్పంటుకుంటే పరుగెత్తకూడదు. నేల మీద పడుకుని దొర్లాలి. వంటింట్లోకి పోయేటప్పుడు చున్నీ నడుముకు బిగించి ముడివేసుకోవడం కూడా నేర్చుకోవలసిన పనే.

3. బ్యాంకు కౌంటరు

పదేళ్లు నిండిన పిల్లలు తమ పేరుతో పొదుపు ఖాతా తెరిచి తామే నడుపుకోవడానికి రిజర్వు బ్యాంకు నియమాలు ఒప్పుకుంటాయి. ఎంత దాకా తీయవచ్చు అనే పరిమితి ఒక్కో బ్యాంకులో ఒక్కో రకంగా ఉంటుంది. పోస్టాఫీసులో కూడా పదేళ్లు దాటిన పిల్లలు 500 రూపాయలతో ఖాతా తెరవవచ్చు. ఇంట్లో పదేళ్లు నిండని పాప ఉంటే 2015లో మొదలైన సుకన్య సమృద్ధి ఖాతా గురించి పోస్టాఫీసులో అడగండి. ఏడాదికి కనీసం 250 రూపాయలు కట్టినా ఖాతా నడుస్తుంది. అమ్మాయికి 18 ఏళ్లు నిండాకనో, పదో తరగతి పాసయ్యాకనో పై చదువు ఖర్చుకు సగం దాకా తీసుకోవచ్చు.

మన పిల్లలకు బ్యాంకులో ఎదురయ్యే అసలు ఇబ్బంది డబ్బు కాదు, ఫారం. మన ఊరి బ్యాంకుల్లో ఫారాలు తమిళంలో, హిందీలో, ఇంగ్లీషులో ఉంటాయి. తెలుగు మీడియంలో చదివిన అమ్మాయి అది చూసి “నాకు రాదు” అని నాయన చేతికి ఇచ్చేస్తుంది. నిజానికి ఆ ఫారంలో తెలియవలసిన మాటలు అయిదారే. ‘తేది’ మనకు తెలిసిందే. ‘కణక్కు ఎణ్’ అంటే ఖాతా నంబరు. ‘తొగై’ అంటే మొత్తం. ‘ఎళుత్తాల్’ అంటే అక్షరాల్లో. ‘కైయొప్పం’ అంటే సంతకం. మన పిల్లలు బడిలో తమిళం కూడా చదువుతున్నారు కాబట్టి ఇవి ఒక్క పూటలో వచ్చేస్తాయి. సంతకం తెలుగులోనే పెట్టవచ్చు, అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. ఖాతా తెరిచేటప్పుడు ఎట్లా పెట్టారో ఎప్పుడూ అట్లాగే పెట్టాలి, అంతే.

నేర్పవలసిన పని ఇది. అమ్మాయి ఒక్కతే ఫారం నింపి 100 రూపాయలు వేయాలి. మరో వారం ఒక్కతే పోయి 50 రూపాయలు తీయాలి. మీరు బ్యాంకు బయట నిలబడండి. కౌంటరు దగ్గర నుంచి కదలకముందే డబ్బు లెక్కపెట్టుకోవాలి. పాస్‌బుక్‌లో పద్దు వేయించుకుని, మిగిలిన మొత్తం సరిగ్గా ఉందో లేదో తానే కూడి తీసి చూడాలి.

ఏటీఎం పిన్ను, ఫోనుకు వచ్చే ఓటీపీ ఎవరు అడిగినా చెప్పకూడదు. “బ్యాంకు మేనేజరును మాట్లాడుతున్నా” అన్నా చెప్పకూడదు. డబ్బు మన ఖాతాలోకి రావడానికి పిన్ను కొట్టే పని ఎప్పుడూ ఉండదు. పోవడానికే పిన్ను. ఇది అమ్మాయికి నేర్పితే ఆమె ఇంట్లో అవ్వాతాతలకు నేర్పుతుంది. మోసం జరిగితే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి.

ప్రభుత్వ బడుల్లో 6 నుంచి 12 దాకా చదివి కాలేజీలో చేరిన అమ్మాయిలకు నెలకు 1000 రూపాయలు ఇచ్చే ‘పుదుమై పెణ్’ పథకం 2022లో మొదలైంది. ఆ డబ్బు నేరుగా అమ్మాయి ఖాతాలోనే పడుతుంది. మీ అమ్మాయికి ఇప్పుడు ఏ పథకం వర్తిస్తుందో బడి ఆఫీసులో అడిగి తెలుసుకోండి. ఏ పథకమైనా, తన పేరున వచ్చే డబ్బును తాను తీసుకోవడం రాని అమ్మాయికి ఆ డబ్బు తనదన్న ధైర్యం ఉండదు.

4. కరెంటు మీటరు

ఇది లెక్కల పాఠం, ఇంటి పాఠం రెండూ. ఒక యూనిట్ అంటే 1000 వాట్ల వస్తువు ఒక గంట నడిస్తే అయ్యే కరెంటు. వస్తువు వాట్లను గంటలతో గుణించి 1000తో భాగిస్తే యూనిట్లు వస్తాయి. 75 వాట్ల ఫ్యాను రోజుకు 10 గంటలు తిరిగితే 0.75 యూనిట్, 60 రోజులకు 45 యూనిట్లు. 1000 వాట్ల ఇస్త్రీపెట్టె రోజుకు అరగంట వాడితే 60 రోజులకు 30 యూనిట్లు. 9 వాట్ల ఎల్ఈడీ బల్బు రోజుకు 5 గంటలు వెలిగితే 60 రోజులకు మూడు యూనిట్లు కూడా కావు. “లైటు ఆపు, లైటు ఆపు” అని అరుస్తాం గానీ, బిల్లు పెంచేది ఏదో ఈ లెక్క వేస్తే తెలుస్తుంది.

తమిళనాడులో ఇళ్లకు బిల్లు రెండు నెలలకు వస్తుంది, అందులో మొదటి 100 యూనిట్లు ఉచితం. ప్రతి ఆదివారం మీటరు అంకె నోటుపుస్తకంలో రాసే పని అమ్మాయికి ఇవ్వండి. రీడింగు తీసేవాళ్లు వచ్చిన రోజు తన అంకెతో పోల్చి చూడాలి. బిల్లు కట్టి రసీదు తెచ్చి ఫైలులో పెట్టే దాకా ఆమె పనే.

ఇంట్లో ఎంసీబీ స్విచ్ పడిపోతే, ముందు అన్ని వస్తువులూ ఆపి, పొడి చేత్తో, కాళ్లకు చెప్పులు వేసుకుని దాన్ని పైకి ఎత్తాలి. మళ్లీ పడిపోతే ఎక్కడో లోపం ఉన్నట్టు. బలవంతంగా ఎత్తిపెట్టకుండా ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. ఎక్కడ ఆగాలో తెలియడం కూడా పని తెలియడమే.

5. సూది, దారం

కుట్టు అనగానే మిషను కొనాలి అనుకుంటారు. ముందు చేతికుట్టు రానివ్వండి. ఊడిన గుండీ కుట్టడం, పావడా అంచు మడిచి హెమ్మింగ్ చేయడం, చిరిగిన చోట అతుకు వేయడం, ఈ మూడు చాలు. గుండీ కుట్టేటప్పుడు గుండీకి బట్టకు మధ్య ఒక అగ్గిపుల్ల పెట్టి కుట్టి, తర్వాత పుల్ల తీసేసి, ఆ వదులు దగ్గర దారాన్ని నాలుగు చుట్లు చుట్టి ముడివేయండి. అప్పుడు కాజాలోకి సులభంగా దూరుతుంది, తొందరగా ఊడదు.

చేయి కుదిరాక చీరకు ఫాల్ వేయడం నేర్చుకోవచ్చు. ఇందులో పాడయ్యేది కుట్టు దగ్గర కాదు, అంతకు ముందే. కాటన్ ఫాల్‌ను ముందు నీళ్లలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేయాలి. అట్లా చేయకుండా కుడితే మొదటి ఉతుకులోనే ఫాల్ కుంచించుకుపోయి చీర అంచు ముడతలు పడుతుంది. చీర వైపు కుట్టు కనీకనపడకుండా రావాలి. దీనికి కూలి ఇచ్చి చేయించుకునేవాళ్లు మన వీధిలోనే ఉన్నారు. మొదటి చీర అమ్మది, రెండోది పిన్నిది, మూడోదానికి కూలి అడగవచ్చు. ఎంత అడగాలో అమ్మాయే చెప్పాలి, ఆ డబ్బు పైన చెప్పిన ఖాతాలోనే పడాలి.

6. ఒంటి సంగతి

ఈ భాగం అమ్మాయిలు అమ్మతోనో, అక్కతోనో కూర్చుని చదవండి. మాస్టరు ఇది రాయాలా అని ఎవరైనా అనుకోవచ్చు. నెలకు రెండు మూడు రోజులు పిల్ల బడికి రాకపోతే హాజరు పట్టీలో కనబడేది మాస్టరుకే కదా.

నెలసరి వచ్చిన తేదీ ఒక చిన్న క్యాలెండరులో తానే గుర్తు పెట్టుకోవడం అలవాటు చేయాలి. మొదటి ఒకటి రెండేళ్లు తేదీలు అటూ ఇటూ కావడం మామూలే. ప్యాడ్ 4 నుంచి 6 గంటలకొకసారి మార్చుకోవాలి. బట్ట వాడేవాళ్లు సబ్బుతో ఉతికి ఎండలోనే ఆరేయాలి. మంచం కిందనో, గది మూలనో ఆరేస్తే చీడ పట్టి జబ్బు చేస్తుంది. ఏడు రోజులు దాటి రక్తం పోతున్నా, బడికి రాలేనంత నొప్పి ఉన్నా డాక్టరుకు చూపించాలి. దుకాణంలో ప్యాడ్లు అడిగి కొనుక్కోవడం, ఆసుపత్రిలో నర్సుకు తన బాధ తానే చెప్పుకోవడం, ఇవే ఇక్కడ చివరి అడుగు. అమ్మ పక్కన ఉండవచ్చు. మాట్లాడేది అమ్మాయి కావాలి.

బడిలో వారానికొకసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర సెలవుల్లోనూ ఆపకూడదు. అన్నం తిన్నాక వేసుకోవాలి, టీతో వేసుకోకూడదు. మలం నల్లగా వస్తే భయపడనక్కరలేదు.

7. ఇష్టం కొద్దీ చేసే పనులు

అన్నీ అవసరం కోసమే ఉండనక్కరలేదు. రెండు సరదా పనులు చెబుతాను.

ఒకటి, కుండీలో కొత్తిమీర. ధనియం గింజలో రెండు విత్తనాలు ఉంటాయి. చపాతీ కర్రతో మెల్లగా నలిపి రెండుగా విడదీసి, ఒక రాత్రి నానబెట్టి చల్లితే బాగా మొలుస్తాయి. మొలవడానికి ఒకటి నుంచి రెండు వారాలు పడుతుంది, అంతదాకా తవ్వి చూడకండి. తొందరపడేవాళ్లు మెంతులు చల్లండి, మూడు నాలుగు రోజుల్లో మొలకలు కనబడతాయి.

రెండోది, అవ్వ మాటల నోటుపుస్తకం. మన ఇళ్లలో అవ్వాతాతలు మాట్లాడే తెలుగు పాఠ్యపుస్తకంలో దొరకదు. పంటల పేర్లు, చుట్టరికాల పిలుపులు, పొడుపు కథలు, సామెతలు, రాగి ముద్దకు తగిన కూరల పేర్లు, అన్నీ వాళ్ల నోట్లోనే ఉన్నాయి. రోజుకొక మాట అడిగి రాయండి. మాట, దాని అర్థం, చెప్పినవారి వరుస, ఊరు, తేదీ, ఈ అయిదూ ఉండాలి. ఊరూ తేదీ లేని మాట తర్వాత ఎవరికీ పనికిరాదు. మన భాషను మనమే రాసిపెట్టుకోవాలి, ఇంకెవరూ వచ్చి రాయరు.

మగపిల్లల సంగతి

ఇవన్నీ అమ్మాయిలకేనా అని మగపిల్లలు సంతోషపడకండి. గుండీ కుట్టుకోవడం, అన్నం వండుకోవడం, ఎంగిలి కంచం కడగడం మీ సెలవుల లెక్కలో కూడా ఉన్నాయి. పైగా, అక్కో చెల్లెలో పంచరు వేస్తుంటే “నాకియ్యి, నేను చేస్తా” అని పంపు లాక్కోకుండా ఉండడం మీకు ఇచ్చిన పెద్ద పని. తల్లిదండ్రులు గమనించాలి: అమ్మాయికి కొత్త పని చేర్చి పాత పని తగ్గించకపోతే అది నేర్పడం కాదు, భారం. బ్యాంకుకు పోయే రోజు అంట్లు తమ్ముడు తోమాలి.

అన్నీ ఈ సెలవుల్లోనే రావాలని లేదు. మూడు ఎంచుకోండి. మూడింటిలోనూ నాలుగో మెట్టు దాకా రండి. 6 నుంచి 10వ తరగతి పిల్లలు ఒక్కో పనికి ఒక్కో పేజీ రాసి తీసుకురావాలి. ఏ రోజు చేశారు, ఎక్కడ తడబడ్డారు, ఎట్లా సరిచేసుకున్నారు, చివరి అడుగు ఎవరు వేశారు. బడి తెరిచిన మొదటి వారంలో నేనే చదువుతాను. అక్షరదోషాలకు మార్కులు తీయను. చివరి ప్రశ్నకు “నేనే” అని ఉందా లేదా అన్నదే చూస్తాను.

ఇంటి గోడ మీద రాసిపెట్టుకోవలసిన నంబర్లు:
అన్ని అత్యవసరాలకు – 112
అంబులెన్సు – 108
పిల్లల సహాయం, బాల్యవివాహం గురించి చెప్పడానికి – 1098
మహిళల సహాయం – 181
గ్యాసు లీకు – 1906
ఫోను, ఆన్‌లైను మోసాలు – 1930

ఈ నంబర్లు గోడ మీద అమ్మాయి చేతనే రాయించండి.

ప్రధానోపాధ్యాయుడు